రెండు వాకిళ్ళ కంప్యూటరు

శ్రీకాకుళమునుండి హైదరాబాదులోని మిత్రునికి ఉత్తరము వ్రాసి తపాలా పెట్టెలో వేసినప్పుడు, అది ఏ బండి ఎక్కునో, ఏ జంక్షనులో దిగునో మనమెవ్వరము ఆలోచింపము. చిరునామా సరిగా నున్న చాలును. దారి చూచుకొనుట తపాలాశాఖ పని. కంప్యూటరు ముందు కూర్చుండి ఇంటర్నెట్టులో ఒక పుటను కోరినప్పుడును మనము ఇట్లే నిశ్చింతగా నుందుము. ఆ కోరిక ఏ తీగ వెంట బయలుదేరినదో మనకు తెలియదు. తెలిసికొనవలసిన అవసరమును సామాన్యముగా కలుగదు. ఏలనన చాల కంప్యూటర్లకు బయటకు పోవు వాకిలి ఒక్కటే. ఒక్క వాకిలి గల ఇంటిలో "ఏ వాకిలినుండి పోవలెను?" అను ప్రశ్నయే పుట్టదు.

అదే కంప్యూటరునకు రెండవ నెట్‌వర్కు కార్డును తగిలించినచో ఏమగును? ఇది నిపుణులకు మాత్రమే పట్టిన ప్రశ్న కాదు. కేబులు తగిలించి, వైఫై కూడ తెరచియుంచిన ప్రతి ల్యాప్‌టాపు రెండు వాకిళ్ళ ఇల్లే. వైఫైతోపాటు సిమ్ము గల ప్రతి ఫోనును అట్టిదే.

ఈ విషయము నాకు పుస్తకములో గాక చిక్కులో బోధపడినది. మా ప్రయోగశాలలోని ఒక కంప్యూటరునుండి విద్యార్థుల ప్రాక్టికల్ మార్కులను కళాశాలలోని మరియొక భవనమందున్న సర్వరుకు పంపుచుండెడివారము. ఇంటర్నెట్టు కూడ కావలెనని ఆ కంప్యూటరునకు రెండవ కార్డును బిగించితిమి. ఇంటర్నెట్టు చక్కగా వచ్చినది. మార్కుల సర్వరు మాత్రము కనబడకుండ పోయినది. మార్కులు పంపుటకు గడువు ఆ సాయంకాలమే. కేబులు మార్చితిమి, కార్డు మార్చితిమి, యంత్రమును ఆర్పి వెలిగించితిమి. కార్డుమీది దీపములు రెండును చక్కగా మిణుకుచునే యున్నవి. విచిత్రమేమనగా, అదే గదిలోని ఇతర కంప్యూటర్లు ఎప్పటివలెనే పలుకుచున్నవి. తప్పు తీగలో లేదు, కార్డులో లేదు. కంప్యూటరు లోపలనున్న నాలుగైదు వరుసల పట్టికలో కలదు. ఆ పట్టికను గూర్చియే ఈ వ్యాసము.

చిరునామాలోని రెండు భాగములు

నెట్‌వర్కులో సమాచారము ఏకధారగా ప్రవహింపదు. చిన్నచిన్న తునుకలుగా విడిపోయి ప్రయాణము చేయును. ఒక్కొక్క తునుకను ప్యాకెట్టు అందురు. ప్రతి ప్యాకెట్టు నొసటను పంపిన వారి చిరునామా, చేరవలసిన వారి చిరునామా వ్రాయబడియుండును. 1981లో స్థిరపడి నేటికిని విరివిగా వాడుకలోనున్న పద్ధతి ప్రకారము ఈ చిరునామా 32 బిట్ల సంఖ్య. దానిని ఎనిమిదేసి బిట్ల చొప్పున నాలుగు ముక్కలు చేసి, 192.168.10.5 అని చుక్కలతో వ్రాయుదురు. ప్రతి ముక్కయు 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. ఇట్టి చిరునామాలు మొత్తము 2ను 32 సారులు హెచ్చించగా వచ్చిన సంఖ్య, అనగా 429,49,67,296.

ఇచ్చట ఒక ముఖ్యవిషయమును మరువరాదు. చిరునామా కంప్యూటరునకు కాదు, కార్డునకు. రెండు కార్డులున్న యంత్రమునకు రెండు చిరునామాలుండును; రెండు వీధుల మూలనున్న ఇంటికి రెండు వీధులలోను డోరు నంబరు ఉన్నట్లు.

చిరునామాలో ముందుభాగము నెట్‌వర్కును, వెనుకభాగము ఆ నెట్‌వర్కులోని యంత్రమును తెలుపును. ముందుభాగము ఎన్ని బిట్లో గీటు వేసి ప్రక్కన వ్రాయుదురు. 192.168.10.5/24 అనగా మొదటి 24 బిట్లు, అనగా మొదటి మూడు ముక్కలు, నెట్‌వర్కు పేరు. చివరి 8 బిట్లు యంత్రము పేరు. 8 బిట్లతో 256 సంఖ్యలు వచ్చును. వానిలో మొదటిది నెట్‌వర్కునకే పేరుగాను, చివరిది అందరిని ఒక్కసారి పిలుచుటకును కేటాయింపబడినవి. కావున యంత్రములకు 254 మిగులును.

గీటు ఎల్లప్పుడు చుక్క దగ్గరనే పడవలెనను నియమము లేదు. 192.168.10.0/26 అను నెట్‌వర్కును చూడుడు. ఇందు చివరి ముక్కలోని మొదటి రెండు బిట్లు కూడ నెట్‌వర్కునకే చెందినవి. 5ను ద్విసంఖ్యామానములో వ్రాసినచో 00000101. మొదటి రెండు బిట్లు 00. 70ని వ్రాసినచో 01000110; మొదటి రెండు బిట్లు 01. కావున 192.168.10.5 ఈ నెట్‌వర్కులోనిది, 192.168.10.70 కాదు. చూపునకు పొరుగువారివలె కనబడు రెండు చిరునామాలు వేరువేరు వీధులవి కావచ్చును. కంప్యూటరు చుక్కలను చూడదు, బిట్లనే చూచును.

1993కు పూర్వము ఈ గీటు మూడు చోట్ల మాత్రమే, 8, 16, 24 బిట్ల దగ్గర, పడుచుండెను. చిన్న సంస్థకు 256 చిరునామాలు చాలక, తరువాతి మెట్టుగా 65,536 ఇయ్యవలసి వచ్చెడిది. ఈ దుబారాను తగ్గించుటకు ఆ సంవత్సరమున గీటును ఎచ్చటనైనను వేయవచ్చునను పద్ధతి వచ్చినది.

మార్గపట్టిక

ఇక మా ప్రయోగశాలలోని కంప్యూటరును చూతము. దాని మొదటి కార్డు చిరునామా 192.168.10.5/24, ఇది ప్రయోగశాల వీధిలోనిది. ఆ వీధిలో 192.168.10.1 అను రూటరు కలదు. కళాశాలలోని ఇతర భవనములన్నియు 10.30.0.0/16 అను నెట్‌వర్కులో ఉన్నవి; వానికి దారి ఆ రూటరు గుండా పోవును. మార్కుల సర్వరు చిరునామా 10.30.4.9. రెండవ కార్డు చిరునామా 192.168.20.5/24, దాని వీధిలోని 192.168.20.1 అను రూటరు ఇంటర్నెట్టుకు దారి.

ఈ కంప్యూటరు లోపల ఉండవలసిన పట్టిక ఇది:

192.168.10.0/24: మొదటి కార్డు, నేరుగా
192.168.20.0/24: రెండవ కార్డు, నేరుగా
10.30.0.0/16: మొదటి కార్డు, 192.168.10.1 ద్వారా
0.0.0.0/0: రెండవ కార్డు, 192.168.20.1 ద్వారా

దీనిని మార్గపట్టిక అందుము. మొదటి రెండు వరుసలను మనము వ్రాయనక్కరలేదు. కార్డునకు చిరునామా ఇచ్చిన తోడనే యంత్రము తానే వ్రాసికొనును. మూడవదానిని మనిషి వ్రాయవలెను, లేదా రూటరు చెప్పవలెను. నాలుగవదానిని చూచినచో 0 బిట్ల గీటు కనబడును. ఏ బిట్టును సరిపోల్చనక్కరలేదు కాన ప్రతి చిరునామాయు దీనికి సరిపోవును. "మరి యేదారియు తెలియనిచో ఇటు పొమ్ము" అని దీని భావము. దీనికి డిఫాల్టు మార్గమని పేరు. అది చూపు రూటరు డిఫాల్టు గేట్‌వే.

ఒక చిరునామాకు రెండు మూడు వరుసలు సరిపోయినచో దేనిని పాటింపవలెను? దీనికి జవాబు మన తపాలాశాఖలోనే కలదు. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడులో ఆరంకెలు కలవు. మొదటి అంకె దేశములోని ఒక మండలమును తెలుపును. 5 అనగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. రెండవది ఉపమండలము, మూడవది ఉత్తరములు విడదీయు జిల్లా, చివరి మూడును తపాలా కార్యాలయము. దూరదేశమున గూళ్ళలో ఉత్తరములు సర్దు ఉద్యోగికి మొదటి అంకె చాలును. దగ్గరకు వచ్చినకొలది మరిన్ని అంకెలను చూడవలసివచ్చును. ఒకే ఉత్తరము "5" అని వ్రాసిన గూటికిని, "530" అని వ్రాసిన గూటికిని సరిపోయినచో, తెలివిగల ఉద్యోగి దానిని "530" గూటిలోనే వేయును. ఏలనన అది మరింత కచ్చితమైన సమాచారము.

కంప్యూటరు పాటించు సూత్రమును ఇదియే: సరిపోయిన వరుసలలో ఎక్కువ బిట్లు సరిపోయినదే గెలుచును. వరుసలు పైనున్నవా క్రిందనున్నవా అనునది లెక్కలోనికి రాదు.

పరీక్షించి చూతము. 192.168.10.27కు పోవు ప్యాకెట్టునకు మొదటి వరుస 24 బిట్లతోను, నాలుగవది 0 బిట్లతోను సరిపోవును, మొదటిది గెలుచును. 10.30.4.9కు మూడవది 16 బిట్లతో గెలుచును. ఇంటర్నెట్టులోని 203.0.113.8కు నాలుగవది తప్ప గతి లేదు. ఇప్పుడు 10.30.7.0/24 అను ఒక్క భవనమునకు 192.168.10.2 అను వేరొక రూటరు ద్వారా దారి యున్నదని ఐదవ వరుస వ్రాసితిమనుకొనుడు. 10.30.7.15 మూడవ వరుసకును, ఐదవ వరుసకును సరిపోవును. 16 కన్న 24 పెద్దది కాన ఐదవదే గెలుచును. 10.30.4.9 మాత్రము ఎప్పటి దారినే పోవును.

తీగమీద జరుగు పని

"నేరుగా", "ద్వారా" అను మాటల భేదము విద్యార్థులను తరచు తికమకపెట్టును. ప్రతి కార్డునకును తయారగునప్పుడే ఇచ్చిన 48 బిట్ల గుర్తు వేరొకటి కలదు. ఒకే వీధిలోని కార్డులు ఒకదానినొకటి పిలిచికొనునది ఆ గుర్తుతోనే. నేరుగా పోవు ప్యాకెట్టు విషయమున కంప్యూటరు వీధియంతటికిని వినబడునట్లు, "192.168.10.27 ఎవరు?" అని కేక వేయును. ఆ యంత్రము "నేను, నా గుర్తు ఇది" అని బదులు చెప్పును. అప్పుడు ప్యాకెట్టును ఆ గుర్తు వ్రాసిన కవరులో పెట్టి పంపును.

రూటరు ద్వారా పోవలసిన ప్యాకెట్టునకు కేక గమ్యము కొరకు కాదు, రూటరు కొరకు. "192.168.10.1 ఎవరు?" అని అడిగి, రూటరు గుర్తు వ్రాసిన కవరులో ప్యాకెట్టును పెట్టును. కాని లోపలి ప్యాకెట్టుమీద చేరవలసిన చిరునామా 10.30.4.9గానే యుండును. రూటరు కవరును చింపి, లోపలి చిరునామాను చూచి, తన పట్టికను వెదకి, క్రొత్త కవరులో పెట్టి ముందుకు పంపును. కవరు ప్రతి వీధిలోను మారును, ఉత్తరము మారదు.

దీనినిబట్టి ఒక సంగతి తేలుచున్నది. గేట్‌వే మన వీధిలోనే ఉండవలెను. కేక వినబడని చోటనున్న రూటరును గేట్‌వేగా వ్రాసినచో కవరుమీద వ్రాయుటకు గుర్తే దొరకదు. ఇట్టి వరుసను చాల యంత్రములు వ్రాయనేనీయవు.

రెండు గేట్‌వేల చిక్కు

ఇప్పుడు మా ప్రయోగశాల కథకు వత్తము. కార్డునకు చిరునామా ఇచ్చు కిటికీలో చిరునామాకు ఒక గడి, గేట్‌వేకు ఒక గడి యుండును. ఖాళీ గడి కనబడిన దానిని నింపుట మానవ స్వభావము. మొదటి కార్డు గడిలో 192.168.10.1 పూర్వమే యున్నది. రెండవ కార్డు గడిలో మేము 192.168.20.1 నింపితిమి. ప్రతి కార్డునకు ఒక గేట్‌వే ఉండవలె ననుకొంటిమి. అదియే పొరపాటు. గేట్‌వే గడిని నింపుట అనగా ఆ కార్డునకు ఏదో ఇచ్చుట కాదు. పట్టికలో ఒక డిఫాల్టు మార్గమును వ్రాయుట. మా పట్టికలో రెండు డిఫాల్టు మార్గములు పడినవి, 10.30.0.0/16 అను వరుస మాత్రము లేదు.

రెండును 0 బిట్లవే కాన సరిపోలికలో సమానములు. అట్టి సందర్భమున యంత్రము మెట్రిక్కు అను మరియొక సంఖ్యను చూచును. తక్కువ మెట్రిక్కు గలది గెలుచును. రెండవది మూలను పడియుండును. మా యంత్రములో రెండవ కార్డు దారికి 100, మొదటిదానికి 101 పడినవి. ఆ ఒక్క అంకె తేడాతో మార్కుల సర్వరుకు పోవలసిన ప్యాకెట్లన్నియు ఇంటర్నెట్టు వైపు మరలినవి. 10తో మొదలగు చిరునామాలు సంస్థల లోపల వాడుకొనుటకు విడిచిపెట్టినవని 1996 నాటి నియమపత్రము చెప్పుచున్నది. ఏ ఊరిలో నైనను ఏ సంస్థ యైనను వానిని వాడుకొనవచ్చును. కాన బయటి ఇంటర్నెట్టులో వానికి దారి యుండదు. మా ప్యాకెట్లు అచ్చట దిక్కులేక నశించినవి. ప్రయోగశాలలోని కంప్యూటర్లు పలుకుచుండుటకు కారణమును ఇప్పుడు స్పష్టమే: వానికి 24 బిట్ల వరుస వేరుగా కలదు; డిఫాల్టుతో వానికి పనిలేదు.

చికిత్స రెండు పనులు. మొదటి కార్డు గేట్‌వే గడిని ఖాళీ చేసితిమి. 10.30.0.0/16కు 192.168.10.1 ద్వారా అని ఒక వరుస వ్రాసితిమి. మార్కులు గడువులోపల చేరినవి.

దీనినుండి తీసికొనవలసిన నియమము ఇది: కార్డులెన్నియున్నను డిఫాల్టు మార్గము ఒక్కటే యుండవలెను; తక్కిన కార్డుల వెనుకనున్న నెట్‌వర్కులకు పేరుపేరున వరుసలు వ్రాయవలెను.

దీనికి తోబుట్టువైన పొరపాటు మరియొకటి. రెండు కార్డులకును ఒకే నెట్‌వర్కు చిరునామాలు పడుట. ఇండ్లలో వాడు రూటర్లు పెక్కు 192.168.1.0/24 అను నెట్‌వర్కునే ఇచ్చును. అట్టి రెండు రూటర్లకు రెండు కార్డులను తగిలించినచో, 192.168.1.20 ఎటువైపుదో చెప్పుటకు పట్టికకు సాధ్యము కాదు. ఇచ్చట పట్టికను దిద్దుట వృథా. ఒక రూటరు నెట్‌వర్కు సంఖ్యను మార్చవలెను.

తిరుగు దారి

రెండు కార్డులును ప్రపంచమునకే దారితీయు సందర్భము కలదు. ఒక సంస్థ ఇంటర్నెట్టు ఆగిపోరాదని ఇద్దరు వ్యాపారుల దగ్గర కనెక్షన్లు తీసికొన్నదనుకొందము. మొదటి కార్డు 203.0.113.10, దాని గేట్‌వే 203.0.113.1. రెండవ కార్డు 198.51.100.10, దాని గేట్‌వే 198.51.100.1. (ఈ సంఖ్యలు ఉదాహరణలు వ్రాయుటకే ప్రత్యేకించబడినవి; ఎవరి చిరునామాలును కావు.) డిఫాల్టు మార్గము మొదటి కార్డు గుండా కలదు.

బయటివాడొకడు 198.51.100.10ని పలుకరించినాడు. ప్యాకెట్టు రెండవ కార్డు గుండా లోనికి వచ్చినది. బదులు ఏ కార్డు గుండా పోవును? వచ్చిన దారినే పోవునని తోచును. కాని పట్టిక చేరవలసిన చిరునామాను మాత్రమే చూచును. ఉత్తరము ఏ వాకిటినుండి వచ్చినదో దానికి గుర్తులేదు. బదులు మొదటి కార్డు గుండా పోవును. దాని నొసటను పంపినవారి చిరునామా 198.51.100.10 అని యుండును. మొదటి వ్యాపారి "ఇది నా వీధి చిరునామా కాదే!" అని దానిని త్రోసివేయవచ్చును. దొంగ చిరునామాలతో వచ్చు ప్యాకెట్లను అరికట్టుటకు ఇట్టి తనిఖీ చేయవలసినదని 2000లో వెలువడిన నియమపత్రము సలహా ఇచ్చినది. ఫలితము: రెండవ కనెక్షను వెలుగుచునే యుండును, కాని పిలిచినవారికి బదులు అందదు.

దీనికి మందు, పంపినవారి చిరునామానుబట్టియు దారిని నిర్ణయించుట. 1999లో వచ్చిన లినక్సు 2.2 నాటినుండి ఆ వ్యవస్థలో ఈ సౌకర్యము కలదు. ఒక్క పట్టికకు బదులు పెక్కు పట్టికలను ఉంచి, ఏ ప్యాకెట్టు ఏ పట్టికను చూడవలెనో కొన్ని సూత్రములు వ్రాయుదురు. మన ఉదాహరణలో చేయవలసిన పని మూడు ఆదేశములు. ఉచ్చారణ ననుసరించి తెలుగులో వ్రాయుచున్నాను; యంత్రమునకు ఆంగ్ల లిపిలో ఇయ్యవలెను.

ఐపీ రూట్ యాడ్ 198.51.100.0/24 డెవ్ ఈటీహెచ్1 టేబుల్ 102
ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 198.51.100.1 డెవ్ ఈటీహెచ్1 టేబుల్ 102
ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 198.51.100.10 టేబుల్ 102

ఈటీహెచ్1 అనునది రెండవ కార్డు పేరు. మొదటి రెండు ఆదేశములు 102 అను క్రొత్త పట్టికలో రెండు వరుసలను వ్రాయును. మూడవది, "198.51.100.10 పేరుతో బయలుదేరు ప్యాకెట్టు 102వ పట్టికను చూడవలెను" అను సూత్రము. సూత్రములకు వరుస సంఖ్యలుండును. చిన్న సంఖ్యనుండి చూచుకొనుచు పోవును. 0వ సూత్రము యంత్రము సొంత చిరునామాలది. 32766వది మనము ఇంతవరకు చూచిన ప్రధాన పట్టికది. మనము వ్రాసినది ఆ రెంటి నడుమ పడును. ఒక పట్టికలో దారి దొరకనిచో తరువాతి సూత్రమునకు పోవును.

ఈ సూత్రము బదులులను మాత్రమే చక్కబరచును. యంత్రము తానుగా మొదలిడు సంభాషణకు పంపువారి చిరునామా ఇంకను నిర్ణయము కాలేదు. కావున అది ప్రధాన పట్టికనే చూచి మొదటి కార్డు గుండా పోవును.

లినక్సులో తిరుగు దారి పరీక్ష అను కావలివాడు ఒకడు కలడు. దాని విలువ 1 అయినచో, లోనికి వచ్చిన ప్యాకెట్టునకు బదులు అదే కార్డు గుండా పోవునా యని పట్టికలో చూచి, పోదని తేలినచో దానిని మాటలాడక పారవేయును. 2 అయినచో ఏదో ఒక కార్డు గుండా దారి యున్న చాలును. 0 అయినచో పరీక్షయే లేదు. దారులు సరిగా నున్నట్లు కనబడియు ప్యాకెట్లు మాయమగుచున్నచో ఈ కావలివానిని చూడవలెను.

వాకిళ్ళున్నంత మాత్రమున సందు కాదు

రెండు కార్డులున్నవి గనుక ఆ కంప్యూటరు ఒక నెట్‌వర్కునుండి రెండవదానికి ప్యాకెట్లను దాటించునా? దాటింపదు. తనకు రాని ఉత్తరము చేతికి వచ్చినచో సామాన్య కంప్యూటరు దానిని పారవేయును. ఫార్వర్డింగు అను విలువను 0 నుండి 1కి మార్చినప్పుడే అది రూటరగును. అప్పుడును అవతలి వీధివారికి తిరుగు దారి తెలియవలెను. తెలియనిచో, దాటు ప్రతి ప్యాకెట్టుమీదను పంపినవారి చిరునామాను తుడిచి తన చిరునామా వ్రాసికొను ఉపాయము చేయవలెను. ఇండ్లలోని రూటర్లు చేయునది ఈ పనియే.

ఈ విలువను మార్చునప్పుడు ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. పరీక్షల విభాగపు నెట్‌వర్కును, విద్యార్థుల ప్రయోగశాలను వేరుగా ఉంచుట కావలయుననియే చేసినది. రెంటిలోను కాలు పెట్టిన ఒక కంప్యూటరులో ఫార్వర్డింగు తెరచినచో ఆ గోడలో సందు పడినట్లే. తెరవకున్నను పూర్తి నిశ్చింత తగదు. 1989 నాటి నియమపత్రము రెండు పద్ధతులను చర్చించినది. మొదటిదానిలో, యంత్రము తన చిరునామాలలో దేనికి వచ్చిన ప్యాకెట్టునైనను ఏ కార్డు గుండా వచ్చినను స్వీకరించును. రెండవదానిలో ఆ కార్డు చిరునామాకు వచ్చినదానినే స్వీకరించును. లినక్సు మొదటి పద్ధతిని, విస్టా నాటినుండి విండోసు రెండవ పద్ధతిని పాటించుచున్నవి. కావున ప్రయోగశాలవైపునుండియే లినక్సు యంత్రము రెండవ చిరునామాను పలుకరింప వీలున్నది. ఫైర్‌వాల్ నియమములు వ్రాయక తప్పదు.

నిజమునకు ఇంటర్నెట్టు పుట్టినది ఇట్టి రెండు వాకిళ్ళ కంప్యూటర్లతోనే. 1974లో వింట్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ ప్రకటించిన వ్యాసములో, వేరువేరు జాతుల నెట్‌వర్కులను కలుపుటకు వాని నడుమ గేట్‌వే యుండవలెనని సూచించిరి. గేట్‌వే అనగా రెండు నెట్‌వర్కులలోను కాలు మోపిన కంప్యూటరే. 1977 నవంబరు 22న కాలిఫోర్నియాలో ఒక వ్యానునుండి రేడియో ద్వారా బయలుదేరిన ప్యాకెట్లు ఆర్పానెట్టును, ఉపగ్రహ నెట్‌వర్కును దాటి, అట్లాంటిక్ సముద్రము అవతలికి పోయి, మరల కాలిఫోర్నియా చేరినవి. మూడు నెట్‌వర్కుల నడుమ దారి చూపినవి ఈ గేట్‌వేలే. 1983 జనవరి 1న ఆర్పానెట్టు మొత్తము ఈ పద్ధతికి మారినది. నేటి మహా రూటరు సైతము పెక్కు కార్డులు, పెద్ద పట్టిక గల కంప్యూటరే.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఈ పాఠమునకు యంత్రమే అక్కరలేదు. నలుగురు విద్యార్థులను నాలుగు మూలల నిలుపుడు. ఒక్కొక్కరికి నాలుగు వరుసల పట్టిక ఇండు. చిరునామా వ్రాసిన చీటీని ఒకరి చేతికిచ్చి, తన పట్టికను మాత్రమే చూచి ముందుకు పంపుమనుడు. ఎవ్వరికిని పూర్తి దారి తెలియకపోయినను చీటీ గమ్యము చేరును. తరువాత ఇద్దరి పట్టికలలో డిఫాల్టు మార్గము ఒకరివైపు ఒకరికి చూపునట్లు మార్చుడు. చీటీ వారిద్దరి నడుమ అంతులేక తిరుగును. నిజమైన ప్యాకెట్టుమీద ఇందుకే ఒక సంఖ్య యుండును. లినక్సులో సామాన్యముగా 64తో మొదలగును. ప్రతి రూటరును దానిలో ఒకటి తీసివేయును. సున్న అయినచో ప్యాకెట్టును పారవేయును. చీటీమీద 6 అని వ్రాసి ఆట మరల ఆడించినచో విద్యార్థులకు ఈ సంఖ్య ప్రయోజనము వెంటనే తెలియును.

యంత్రము అందుబాటులో నున్నవారు లినక్సులో "ఐపీ రూట్" అని అడిగినచో పట్టిక యంతయు కనబడును. విండోసులో "రూట్ ప్రింట్" అనవలెను. లినక్సులోనే "ఐపీ రూట్ గెట్ 10.30.4.9" అన్నచో ఆ ఒక్క చిరునామాకు ఏ కార్డు, ఏ గేట్‌వే ఎన్నుకొనబడునో యంత్రము స్వయముగా చెప్పును. ఆ సాయంకాలము మేము కేబులు మార్చుటకు ముందు ఈ ఒక్క ప్రశ్న అడిగియున్నచో రెండు గంటల శ్రమ తప్పియుండెడిది.

రెండు హెచ్చరికలు. ఇట్లు ఇచ్చిన ఆదేశములు యంత్రము ఆరిపోయినచో చెరిగిపోవును. సరిపోయినవని తేలిన పిమ్మట అమరిక ఫైలులో వ్రాసికొనవలెను. దూరముననున్న యంత్రమును నెట్‌వర్కు ద్వారానే దిద్దుచున్నచో, డిఫాల్టు మార్గమును తీసివేయుటకు ముందు బదులు దారిని వ్రాయుడు. లేనిచో కూర్చున్న కొమ్మను నరికికొన్నట్లగును.

విద్యార్థులకు ఒక ప్రశ్న. పైన ఇచ్చిన నాలుగు వరుసల పట్టికలో 192.168.10.64/26కు 192.168.20.9 ద్వారా అను వరుసను చేర్చినచో, 192.168.10.27, 192.168.10.70, 192.168.10.130 అను చిరునామాలకు పోవు ప్యాకెట్లు ఏ కార్డు గుండా పోవును? బిట్లు వ్రాసి సరిచూచుడు. మూడింటిలో ఒక్కటి మాత్రమే దారి మార్చుకొనును.